ఘాట్ ఎక్కే పాత పికప్: టర్బో కంటే ముందు చూసుకోవలసినవి

ప్రశ్న: మాది రామభద్రపురం. 2009లో కొన్న డీఐ (డీజిల్ నేరుగా సిలిండర్లలోకి చిమ్మే) ఇంజన్ పికప్ ఒకటి మా దగ్గర ఉంది. ఇక్కడి మార్కెట్లో కూరగాయలు ఎత్తి సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్‌కు తోలుతుంటాము. కిరాయిలు తగ్గినప్పుడు చింతపల్లి తీరం నుంచి చేపల పెట్టెలు కూడా వేస్తాము. ఏడాదిగా ఉదయం పూట సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజన్ అందుకోవడం లేదు. ఘాట్‌లో నల్లపొగ వస్తోంది, లాగుడు తగ్గింది. తెలిసిన మెకానిక్ ఒకాయన డీజిల్ పంపు స్క్రూ తిప్పితే లాగుతుందని, డబ్బుంటే ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టే టర్బో కూడా బిగించవచ్చని, వెనుక రెండు కమాను పట్టీలు ఎక్కువ వేస్తే లోడుకు భయం ఉండదని అంటున్నాడు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివిన మా అబ్బాయి ఆ పనులేవీ వద్దు, ముందు ఇంటి దగ్గరే అన్నీ సరిచేద్దాం అంటున్నాడు. హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయి. తుప్పు పట్టకుండా కింద పాత ఇంజన్ ఆయిల్ పూయమని కొందరు చెబుతున్నారు. అసలు డీజిల్ బండ్లకు పదేళ్లే ఆయుష్షు అంటున్నారు కదా, దీనిమీద ఇంకా డబ్బు పెట్టడం దండగా?

సమాధానం: మీ చివరి సందేహాన్ని ముందు తేల్చుకుందాం, ఎందుకంటే అది తేలకుండా ఒక్క రూపాయి ఖర్చు పెట్టడం కూడా సరికాదు. డీజిల్ బండ్లకు పదేళ్లే అన్న నిబంధన ఢిల్లీకి, దాని చుట్టూ ఉన్న జాతీయ రాజధాని ప్రాంతానికి సంబంధించినది. విజయనగరం జిల్లాలో రిజిస్టరైన మీ బండికి ఆ లెక్క వర్తించదు. ఇక్కడ మీ బండి తిరగాలా వద్దా అన్నది తేల్చేది ఫిట్‌నెస్ పత్రం. సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటిన తర్వాత దాన్ని ఏటా చేయించుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బండ్లకు ఆ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచింది కాబట్టి, ఇప్పుడు ఎంత కట్టాలో రవాణా కార్యాలయంలో కనుక్కొని, ఆ మొత్తాన్ని కూడా ఏటి ఖర్చులో కలుపుకొని లెక్క చూసుకోండి.

ఆ లెక్క కుదిరిందనుకున్నా, డబ్బు పెట్టే ముందు బండి అడుగు చట్రాన్ని, అంటే ఛాసిస్‌ను చూడాలి. తొట్టి ఖాళీ చేసి, వెనుక కమాన్లు ఛాసిస్‌కు బిగిసే బ్రాకెట్ల చుట్టూ, అడ్డ దూలాలు కలిసే మూలల్లో, బ్రేకు పైపులు ఆనుకొని పోయే చోట్ల చిన్న సుత్తితో కొడుతూ రండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్న చోట మొద్దు చప్పుడు వచ్చి, పెచ్చులు లేచి, సుత్తి మొన కొంచెం దిగుతుంది. చేపల పెట్టెల నుంచి కారే ఉప్పునీళ్లు చేరేది సరిగ్గా ఈ చోట్లకే. పైపైన పెచ్చులు రాలితే బాగుచేసుకోవచ్చు గాని, బ్రాకెట్ దగ్గర ఇనుము చిల్లులు పడితే మాత్రం ఇంజన్ మీద ఖర్చు పెట్టడం అనవసరం. అలాంటి బండిని లోడుతో ఘాట్ ఎక్కించకూడదు కూడా. ఛాసిస్ బాగుందన్న నమ్మకంతోనే కింది సంగతులన్నీ రాస్తున్నాను.

ఉదయం స్టార్టింగ్ సమస్యకు కారణం మీ అబ్బాయి ఒక్క పూటలో కనిపెట్టగలడు. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు సైలెన్సర్ వెనుక నిలబడి చూడాలి. పొగ ఏమాత్రం రాకపోతే డీజిల్ సిలిండర్ల దాకా చేరడం లేదని అర్థం. తెల్లటి పొగ వస్తూ ఇంజన్ అందుకోకపోతే డీజిల్ చేరుతోంది, మండడం లేదు అని అర్థం. ఈ రెండింటికీ వెతకవలసిన చోట్లు పూర్తిగా వేరు. ఈ చిన్న పరీక్ష చేయకుండానే పంపు విప్పించుకున్నవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు.

పొగ రాకపోతే అనుమానించవలసింది గాలి. రాత్రంతా బండి నిలిచి ఉన్నప్పుడు గొట్టంలోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి దిగిపోయి, ఆ ఖాళీలో గాలి నిండుతుంది. ట్యాంకు నుంచి, డీజిల్‌ను లాగే ఫీడ్ పంపు వరకు ఉన్న గొట్టం పీల్చుకునే వైపు గొట్టం కాబట్టి, అక్కడ పగులు ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే ఎక్కడా తడి కనబడటం లేదు, అంతా బాగుందనుకుంటారు. నిర్ధారణకు ఒక మార్గం ఉంది. తెల్లవారగానే సెల్ఫ్ ముట్టుకోకుండా, ఫీడ్ పంపు మీద లేదా ఫిల్టర్ మీద ఉండే చేతి పంపును కొట్టండి. మొదట వదులుగా ఆడి, తర్వాత చేతికి బిగువు తగిలి, అప్పుడు సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంటే రోగం దొరికినట్టే. ఆపై ఫిల్టర్‌కూ ఇంజెక్షన్ పంపుకూ మధ్య ఉన్న గొట్టం స్థానంలో డీజిల్‌కు తట్టుకునే పారదర్శకమైన గొట్టం ఒక జానెడు తాత్కాలికంగా బిగించి, ఇంజన్ నడుస్తుండగా టార్చి వేసి చూడండి. బుడగలు వరుసగా పోతుంటే, వెనక్కు ఒక్కో జాయింటూ చూసుకుంటూ ట్యాంకు వరకు వెళ్లాలి. ఎక్కువసార్లు దొరికేవి ఎండి పగిలిన రబ్బరు గొట్టం, వదులైన క్లిప్పు, అరిగిన రాగి వాషరు. ఇవేవీ కాకపోతే ఫీడ్ పంపులో డీజిల్‌ను వెనక్కు పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వ్ పాడై ఉంటుంది. ఇవన్నీ తక్కువ ఖర్చుతో పోయే లోపాలే.

గొట్టాలు మార్చిన తర్వాత గాలి తీయడం క్రమంగా జరగాలి. మొదట ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, నురగ పోయి నిండు ధార వచ్చాక పంపు ఆపకుండానే స్క్రూ బిగించాలి. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర అదే పని చేయాలి. అప్పటికీ అందుకోకపోతే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే బిగించాలి. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఈ నట్ల పద్ధతి మీ బండి వంటి పాత మెకానికల్ పంపుకే సరిపోతుంది. తర్వాత వచ్చిన కామన్ రైల్ ఇంజన్లలో ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది కాబట్టి, ఇంజన్ తిరుగుతుండగా వాటి జోలికి పోకూడదు. మీ ఇంజన్‌లోనైనా నాజిల్ నుంచి చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టకూడదు. సన్నని ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా, లోపల కండ పాడై వేలు తీసేయవలసి రావచ్చు. అలా జరిగితే నొప్పి తగ్గుతుందేమోనని చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తెల్లపొగ వస్తూ అందుకోకపోతే సంగతి వేరు. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు, గాలిని గట్టిగా నొక్కడం వల్ల పుట్టే వేడితోనే ఇంధనం అంటుకుంటుంది. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే ఆ వేడి చాలదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే, రాత్రంతా నిలిచిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు పదికి మరీ కిందికి దిగకూడదు, ఇంజన్ నడిచేటప్పుడు 13.8 నుంచి 14.4 వరకు రావాలి. కొత్త బ్యాటరీ కొనే ముందు దాని నెగటివ్ తీగ ఛాసిస్‌కు బిగిసే బోల్టును, ఛాసిస్ నుంచి ఇంజన్‌కు పోయే ఎర్త్ పట్టీని విప్పి, ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది తిరిగి బిగించండి. చేపల లోడు మోసే బండ్లలో ఈ బోల్టు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. మీటర్ లెక్కలు సరిగా ఉండి, సెల్ఫ్ చురుగ్గా తిరిగి, అయినా తెల్లపొగే వస్తుంటే, సిలిండర్లను ముందే వేడిచేసే హీటర్ ప్లగ్గులు ఉన్న ఇంజనైతే వాటిని చూసి, ఆపై సిలిండర్లలో గాలి నొక్కుడు, అంటే కంప్రెషన్, కొలిపించాలి.

డీజిల్ ఫిల్టర్ గిన్నె కింద ఉండే స్క్రూ తిప్పి, వారానికి ఒకసారి కాసింత డీజిల్‌ను గాజు సీసాలోకి దించి చూడటం అలవాటు చేసుకోండి. నీళ్లుంటే అడుగున వేరుగా నిలుస్తాయి. ఘాట్ నుంచి దిగి వచ్చిన సాయంత్రమే ట్యాంకు నింపితే, రాత్రి చల్లదనానికి ఖాళీ ట్యాంకు గోడల మీద చెమ్మ పట్టడం చాలావరకు తగ్గుతుంది.

ఇక నల్లపొగ. లోపలికి వచ్చే గాలి కాల్చగలిగిన దానికంటే ఎక్కువ డీజిల్ పడుతోందన్నదే దాని అర్థం. ఊక పొయ్యిలో గాలి ఆడకుండా ఊక దిమ్మరిస్తే జరిగేదే ఇక్కడా జరుగుతుంది. మీ దారిలో ఇంకో సంగతి ఉంది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి, టర్బో లేని ఇంజన్‌కు రామభద్రపురంలో దొరికినంత గాలి ఘాట్ దారిలోని సుంకి దాటాక దొరకదు. మెకానికల్ పంపుకు ఆ తేడా తెలియదు, అది పోసేంత డీజిల్ పోస్తూనే ఉంటుంది. ఘాట్ పైభాగంలో కొంచెం పొగ రావడం అందువల్ల సహజమే. సాలూరు దాటకముందే, లోడు లేకుండా కూడా వస్తుంటే మాత్రం లోపం ఉన్నట్టే.

మొదట గాలి ఫిల్టర్ చూడండి. కాగితం ఫిల్టర్ లోపల బల్బు పెట్టి చీకట్లో చుట్టూ తిప్పితే, వెలుగు రాని మడతలు, సూదిమొన లాంటి చిల్లులు రెండూ కనిపిస్తాయి. దుమ్ము దులపడానికి తక్కువ ఒత్తిడి గాలిని లోపలి నుంచి బయటికి కొట్టాలి. చాలామంది టైరుకేసి బాదుతారు, దానివల్ల కాగితం అంచులు వదిలి, అక్కడి నుంచి దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతుంది. ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజన్‌కు పోయే ముడతల గొట్టాన్ని చేత్తో సాగదీసి మడతల మధ్య పగుళ్లు చూడండి. తర్వాత నాలుగు చక్రాలనూ ఒక్కొక్కటిగా ఎత్తి చేత్తో తిప్పండి. పట్టుకుపోయిన బ్రేకు ఒక్కటి ఉన్నా ఇంజన్ దానితో పోట్లాడుతూ పొగ కక్కుతుంది, నెపం మాత్రం పంపు మీద పడుతుంది. వాల్వుల దగ్గరి సందును, అంటే ట్యాపెట్ గ్యాపును, కంపెనీ చెప్పిన కొలతకు ఫీలర్ గేజ్‌తో సరిచేయడం ఐటీఐ చదివిన మీ అబ్బాయికి కష్టమేమీ కాదు.

ఇవన్నీ అయ్యాకనే నాజిళ్లు. వాటిని ఇంట్లో విప్పవచ్చు గాని, పరీక్షించలేము. ఏ నాజిల్ ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టి, మొనలకు శుభ్రమైన మూతలు తొడిగి, విజయనగరంలోనో విశాఖ ఆటోనగర్‌లోనో ఉన్న, పంపులూ నాజిళ్లూ పరీక్షించే కాలిబ్రేషన్ షాపుకు తీసుకెళ్లండి. పరీక్ష జరుగుతుండగా మీరు పక్కన నిలబడి చూడాలి. మంచి నాజిల్ మంచులా సమంగా చిమ్మి టక్కున ఆగుతుంది, చెడ్డది ధార కడుతుంది లేదా ఆగాక మొన మీద చుక్క వేలాడుతుంది. ఆ చుక్కే నల్లపొగ, ఆ చుక్కే తగ్గిన మైలేజీ. తిరిగి బిగించేటప్పుడు పాత రాగి వాషర్లు వాడకండి.

పంపు స్క్రూ సంగతి మీకిప్పుడు అర్థమై ఉంటుంది. ఇప్పటికే డీజిల్ ఎక్కువై పొగ కక్కుతున్న ఇంజన్‌కు స్క్రూ తిప్పి ఇంకా డీజిల్ పోయమంటున్నారు. బల్ల పరుపు రోడ్డు మీద ఒకటి రెండు రోజులు లాగినట్టే ఉంటుంది. ఘాట్‌లో పెద్ద గేరులో తొక్కి పట్టినప్పుడు సైలెన్సర్ వైపు పోయే వేడి పెరిగి పిస్టన్ నెత్తి, వాల్వులు, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతింటాయి. బీఎస్-4 కాలుష్య ప్రమాణాలకు ముందు వచ్చిన డీజిల్ బండ్లకు కాలుష్య పరీక్షలో పొగ సాంద్రత 65 యూనిట్లు దాటకూడదన్న పరిమితి ఉంది. స్క్రూ తిప్పిన బండి అక్కడే ఆగిపోతుంది. పంపు సీలు తీయవలసి వస్తే అది కాలిబ్రేషన్ బెంచి మీదే జరగాలి, చెవితో విని స్క్రూ తిప్పేవారి చేతిలో కాదు.

టర్బో మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే అది వినడానికి సబబుగానే ఉంటుంది. ఎత్తు మీద గాలి చాలడం లేదన్నప్పుడు గాలి నెట్టే యంత్రం పెడితే సరిపోదా అనిపిస్తుంది. కంపెనీ టర్బోతో ఇచ్చిన ఇంజన్‌కు పిస్టన్లు, కంప్రెషన్, ఆయిల్ సరఫరా, రేడియేటర్ పరిమాణం ఆ లెక్కకు తగినట్టు తయారై ఉంటాయి. మీ ఇంజన్ అలా తయారైనది కాదు, పైగా పదిహేనేళ్లకు పైగా అరిగినది. చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగే ప్రశ్న కూడా అదే. ఇంజన్ నిజంగా అయిపోయిందని కంప్రెషన్ పరీక్షలో తేలితే, అరిగిన సిలిండర్లను తొలిపించి రీబోరు చేయించడమో, రవాణా శాఖ అనుమతితో అదే రకం ఇంజన్ వేసి ఆర్‌సీలో నమోదు చేయించుకోవడమో సరైన దారి. టర్బోకు పక్కన పెట్టుకున్న డబ్బును నేనైతే బ్రేకులకూ రేడియేటర్‌కూ వాడతాను.

రేడియేటర్ దగ్గర ఇంటి పనే ఎక్కువ. బోరు నీళ్లు పోయడం మానండి. వాటిలోని సున్నం లోపలి సన్నని గొట్టాల్లో పేరుకుంటుంది. ఒకసారి మొత్తం దించి, శుభ్రం చేసి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్‌ను డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలిపి పోయండి. దించిన పాత కూలెంట్‌ను పశువులూ కుక్కలూ తాగే చోట పారబోయకండి, అది తియ్యగా ఉండే విషం. రేకుల మధ్య ఇరుక్కున్న చెత్తను ఇంజన్ వైపు నుంచి ముందుకు, నీళ్లు మెల్లగా వదిలి కడగాలి. ఉద్దానం వైపు కొబ్బరి పీచు మోసే బండ్లకు ఈ బాధ మరీ ఎక్కువ, మీకు ఆకుకూరల తుక్కూ రోడ్డు దుమ్మూ చాలు. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడితే మూతే మార్చండి, ఎందుకంటే అది పట్టి ఉంచే ఒత్తిడి వల్లనే లోపలి నీరు వంద డిగ్రీల దగ్గర మరగకుండా ఆగుతుంది. వేడి ఇంజన్ మీద ఆ మూత విప్పకూడదని వేరే చెప్పనక్కర్లేదు. థర్మోస్టాట్ వాల్వ్ తీసేస్తే చల్లగా ఉంటుందన్న మాట మన మెకానిక్‌లలో బాగా ప్రచారంలో ఉంది. తీసేస్తే ఇంజన్ తగినంత వేడెక్కక అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి, ఘాట్‌లో వేడి ఇంకా పెరుగుతుంది. పాడైతే కొత్తది వేయండి. ఉష్ణోగ్రత ముల్లు పనిచేయకపోతే దాన్ని బాగుచేయించడం ఈ బండికి మీరు చేయగలిగిన మంచి అప్‌గ్రేడ్‌లలో ఒకటి.

బ్రేకుల గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే మీ ఉత్తరంలో వాటి ప్రస్తావనే లేదు, మీ దారిలో మాత్రం వాటికే పని ఎక్కువ. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ అది మరిగే వేడి తగ్గుతుంది. సుంకి నుంచి సాలూరు వైపు దిగేటప్పుడు డ్రమ్ములు కాగి ఆ ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడితే పెడల్ ఒక్కసారిగా అడుగుకు పోతుంది. రెండేళ్లకొకసారి మొత్తం మార్చాలి, రిజర్వాయర్ మూత మీద రాసిన రకమే పోయాలి. వీల్ సిలిండర్ల రబ్బరు తొడుగు అంచు ఎత్తి చూస్తే లోపల తడి ఉందో లేదో తెలుస్తుంది. తడి ఉంటే ఆ సిలిండర్ మార్చవలసిందే. చక్రాల దగ్గరి రబ్బరు హోసులు పైకి బాగున్నట్టే ఉండి లోపల ఉబ్బుతాయి. అలాంటి హోసు ఆయిల్‌ను పోనిస్తుంది గాని వెనక్కు రానివ్వదు, చక్రం పట్టుకుపోతుంది. పదిహేనేళ్ల హోసులను పరీక్షించడం కంటే మార్చేయడం తేలిక.

బ్రేకు తొక్కుడుకు బలం చేర్చే బూస్టర్ పరీక్ష అరనిమిషం పని. ఇంజన్ ఆపి పెడల్‌ను అది గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కి, తొక్కి పట్టుకొనే ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. దిగకపోతే వాక్యూమ్ గొట్టమో, వాక్యూమ్ పంపో, బూస్టరో పాడై ఉంటుంది. ఇది తెలిసినవారు దిగుడులో ఇంజన్ ఆపి బండిని దొర్లించరు. ఆ వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుందన్నది కూడా ఒట్టి భ్రమ. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పంపులోని గవర్నర్ డీజిల్‌ను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కు తాగుతూనే ఉంటుంది. ఎక్కిన గేరులోనే దిగడం పాత డ్రైవర్ల పద్ధతి. లారీలకు పేరుపడ్డ సాలూరులో ఎవరిని అడిగినా అదే చెబుతారు.

కమాను పట్టీల విషయంలో మీ మెకానిక్ మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉండవచ్చు. పట్టీలు ఎక్కువైతే తొట్టి కుంగదు, నిజమే. ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు మాత్రం పాత బరువుకు తయారైనవే. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు కూడా మారదు. దాన్ని మించితే 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకు ఇంకో 2,000 కట్టాలి. అంతకంటే ముఖ్యమైనది చాలామంది గమనించరు. వెనుక ఇరుసు నుంచి సన్నని కడ్డీతో కలిపిన బ్రేక్ వాల్వ్ ఒకటి చాలా పికప్‌లలో ఉంటుంది. లోడు ఎక్కి తొట్టి కుంగినకొద్దీ ఆ కడ్డీ కదిలి వెనుక చక్రాలకు ఎక్కువ బ్రేకు ఇస్తుంది. పట్టీలు పెంచిన బండి లోడుతో కూడా కుంగదు కాబట్టి, బండి ఖాళీగా ఉందనుకొని ఆ వాల్వ్ వెనుక బ్రేకును తగ్గిస్తుంది. నిండు లోడుతో, దిగుడులో, వెనుక బ్రేకు తక్కువ. ఇది మీకు కావాలా? విరిగిన పట్టీ ఉంటే అదే మందం, అదే వంపు ఉన్నది వేయించండి. వంపు పోయిన కట్టను కొట్టించండి. బుష్‌లు, షాకిల్ పిన్నులు మార్చి, యూ బోల్టులను లోడుతో కొంత తిరిగాక మళ్లీ ఒకసారి బిగించండి. ఆ కడ్డీ తుప్పుతో బిగుసుకుపోలేదని, ఎవరూ దాన్ని ఇనుప తీగతో కట్టేయలేదని చూసుకోండి.

లైట్లకు ఎక్కువ వాట్ల బల్బులు వేయవద్దు. పాత బండ్లలో హెడ్‌లైట్ కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్చు గుండా తిరిగి వస్తుంది కాబట్టి, సన్నబడిన తీగల్లోనే వోల్టేజీ కొంత పోతుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు హోల్డర్ దగ్గర ఒకసారి మీటర్ పెట్టి చూడండి. ఒకటి ఒకటిన్నర వోల్టు తేడా ఉంటే, రెండు రిలేలు, ఒక ఫ్యూజు, మందపాటి తీగతో బ్యాటరీ నుంచి నేరుగా లైన్ ఇవ్వండి. కంపెనీ ఇచ్చిన 60/55 వాట్ల బల్బులే కొత్తవాటిలా వెలుగుతాయి. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో చవక ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది, ఘాట్ మలుపులో అది మీకూ ప్రమాదమే.

ఆయిళ్ల గురించి చెప్పవలసింది తక్కువే. ఇంజన్ ఆయిల్ నల్లబడిందని కంగారు పడనక్కర్లేదు, డీజిల్ ఇంజన్‌లో మార్చిన కొన్నాళ్లకే నల్లబడుతుంది. కొలత కర్ర మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే గాని, ఆయిల్ పాల రంగుకు తిరిగితే గాని ఆగి చూడాలి. మొదటిది డీజిల్ కలుస్తోందనడానికి, రెండోది నీళ్లు కలుస్తున్నాయనడానికి గుర్తు. వానల్లో మోకాలి లోతు నీళ్లలో నడిపిన తర్వాత వెనుక ఇరుసు హౌసింగ్ ఆయిల్ కూడా కొంచెం దించి చూసుకోండి.

తుప్పుకు పాత ఇంజన్ ఆయిల్ పూయడం మన వైపు పాత అలవాటు. అది రబ్బరు బుష్‌లనూ హోసులనూ మెత్తబరుస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది, బ్రేక్ డ్రమ్ముల్లోకి చేరితే ప్రాణం మీదికి తెస్తుంది. దానికి బదులు, చేపల లోడు దించిన ప్రతిసారీ తొట్టినీ ఛాసిస్ లోపలి వైపునూ మంచినీళ్లతో కడిగి, తొట్టి అడుగు రంధ్రాలు పూడకుండా చూసుకోండి. ఏడాదికొకసారి వైరు బ్రష్‌తో పెచ్చులు తీసి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన రంగు వేయండి. చేపల పెట్టెల కింద అంచులు లేచిన ఒక ప్లాస్టిక్ తొట్టె పరిచి, కరిగిన ఐసు నీళ్లు వెనుక గొట్టం గుండా బయటికి పోయేట్టు చేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇంటి దగ్గర పని చేసేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరవద్దు. స్టాండ్లు గాని, మందపాటి చెక్క దిమ్మెలు గాని ఛాసిస్ కింద పెట్టి, ఎదుటి చక్రాలకు అడ్డు వేసి, బండిని చేత్తో ఊపి చూశాకే దూరాలి. బ్రేక్ డ్రమ్ములోని పొడిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. బ్రేక్ ఆయిల్ మార్చి పైపుల్లో గాలి తీసిన రోజు ఖాళీ బండితో మీ ఊళ్లోనే తిప్పి చూసి, మర్నాడు బ్రేక్ ఆయిల్ మట్టం మళ్లీ చూసిన తర్వాతే లోడు ఎత్తండి.

నాజిళ్ల పరీక్షలో ఒక్కోటి ఎంత ఒత్తిడికి తెరుచుకుందో, కంప్రెషన్ కొలిపిస్తే సిలిండర్ వారీగా ఎంత వచ్చిందో కాగితం మీద రాయించుకోండి. స్టార్టింగ్ సమస్య అప్పటికీ తీరకపోతే ఆ అంకెలతో పాటు సెల్ఫ్ కొట్టినప్పుడు వచ్చిన పొగ రంగు కూడా రాసి పంపండి, అక్కడి నుంచి ముందుకు చూద్దాం.